పాట తీయాలంటే ముందు కెమెరా కొనాలా, రికార్డరా?

నల్లగొండ ఎన్జీ కాలేజీ పిల్లలైనా, మహాత్మాగాంధీ యూనివర్సిటీలో చదివేవాళ్లైనా, పాలమూరు నుంచి ఫోన్ చేసేవాళ్లైనా నన్ను అడిగేది ఒకటే: "అన్నా, చేతిల డెబ్బై వేలున్నయ్, ఏ కెమెరా తీస్కోవాలె?" దేనికి అంటే ఎక్కువమంది చెప్పేదీ ఒకటే. కాలేజీ డే ప్రోగ్రాములు, ఊళ్లో ఒగ్గు కథ, డప్పు, బతుకమ్మ పాటలు తీసిపెట్టాలని. పాట కోసమైతే ముందు సౌండ్ రికార్డరు కొనండి, కెమెరా తర్వాత చూద్దాం అంటాను. బొమ్మకు ఇప్పటికి జేబులో ఉన్న ఫోన్ చాలు.

కెమెరాను తక్కువ చేయడం లేదు. చీకటి పడ్డాక స్టేజీ మీది ఎరుపు, నీలం లైట్ల కింద ఫోన్‌లో ముఖాలు ముద్దగా వస్తాయి. మంచి కెమెరా ఆ వెలుతురులోనూ ముఖాన్ని నిలబెడుతుంది. వెనక వరసలో నిలబడి పాడేవాళ్ల కళ్లదాకా వెళ్లాలంటే లెన్స్ ఉండాల్సిందే. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టరు స్పీడును 1/50 మీదో 1/100 మీదో పెట్టుకుంటే ట్యూబులైట్లు మిణుకుమనవు. పెళ్లిళ్ల సీజన్‌లో నాలుగు డబ్బులు సంపాదించుకుందాం అనుకునేవాళ్లకు కెమెరాయే మేలు, అందులో వాదన లేదు.

కానీ డప్పు సంగతి చూడండి. ఆటకు ముందు గడ్డి మంట వేసి తోలు కాపుతారు, వేళ్లతో తట్టి చూస్తారు, ఖంగుమనేదాకా మళ్లీ కాపుతారు. ఒక చేతిలో సిర్ర అనే పొట్టి కర్ర, ఇంకో చేతిలో సన్నటి చిటికెన పుల్ల. పెద్ద దెబ్బ సిర్రది, మధ్యమధ్యలో పరిగెత్తే సన్నటి చప్పుడు పుల్లది. దరువుకు ప్రాణం ఆ సన్నటి చప్పుడులోనే ఉందని నాకనిపిస్తుంది. ఫోన్ మైకు ఏం చేస్తుందంటే, పెద్ద దెబ్బ పడగానే తనంతట తనే సౌండ్ తగ్గించేసుకుని, తర్వాత మెల్లగా పెంచుతుంది. ఆ సందులో పుల్ల చప్పుడు పోతుంది, పాడేవాళ్ల గొంతూ పోతుంది. ఇంటికొచ్చి వింటే పాట ఊపిరాడనట్టు పైకీ కిందికీ అవుతుంటుంది.

కెమెరా మీద బిగించే మైకుతో ఈ బాధ కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. కెమెరాకు దూరం కావాలి, మైకుకు దగ్గర కావాలి. రెంటినీ ఒకేచోట కట్టేస్తే నష్టపోయేది పాటే. బయట మైదానంలో దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే శబ్దం ఆరు డెసిబెల్స్ పడిపోతుంది, మన పక్కనున్న జనరేటరు మోత మాత్రం అలాగే ఉంటుంది. పైగా శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. 34 మీటర్ల నుంచి తీస్తే సెకనులో పదో వంతు ఆలస్యం, అంటే 25 ఫ్రేముల వీడియోలో రెండున్నర ఫ్రేములు. సిర్ర తోలు మీద పడి లేచాక చప్పుడు వినిపిస్తుంది. చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడా కొడుతుంది.

రికార్డరును కళాకారుల ముందు ఆరేడు అడుగుల దూరంలో స్టాండు మీద పెడితే ఈ బాధలన్నీ తీరతాయి. బొమ్మతో కలపడానికి, ఫోన్‌కు కనిపించేలా రికార్డరు పక్కన నిలబడి మొదట ఒకసారి, చివర ఒకసారి చప్పట్లు కొట్టండి. రెండు మెషిన్ల గడియారాలు సరిగ్గా ఒకే వేగంతో నడవవు. పొడుగు కథలో ఆ తేడా చివరికి బయటపడుతుంది.

"మిక్సర్ నుంచి లైన్ తీస్కుంటే సాలదా?" అని కూడా అడుగుతారు. మిక్సర్ అంటే స్టేజీ మీది మైకులన్నీ వచ్చి కలిసే సౌండ్ పెట్టె. గొంతు శుభ్రంగా వస్తుంది, నిజమే. కానీ మైకు పెట్టినవే మిక్సర్‌లోకి వెళ్తాయి. మోత ఎక్కువని డప్పులకూ డోలుకూ మన దగ్గర మైకు పెట్టేది తక్కువ. వింటే గొంతు ఒక్కటే ఒంటరిగా ఉంటుంది, జనం ఈలలు కూడా ఉండవు.

ఇంకో ప్రమాదం నా చేతుల మీదుగానే జరిగింది. మూడేళ్ల కింద ఒక కాలేజీ వార్షికోత్సవానికి నకిరేకల్ వైపు నుంచి వచ్చిన పెద్దాయన మల్లన్న కథ చెప్పారు. మిక్సర్ లైన్ తెచ్చి నేరుగా కెమెరా మైక్ సాకెట్‌లో పెట్టేశాను. లైన్ నుంచి వచ్చే సిగ్నల్ మైకు సిగ్నల్ కంటే ఎన్నో రెట్లు బలంగా ఉంటుందని తెలిసీ, హడావుడిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినలేదు. గంటా పది నిమిషాల కథ, మొదటి మాట నుంచి చివరి మాట దాకా సౌండ్ పగిలిపోయింది. బొమ్మ మాత్రం అద్దంలా ఉంది. ఒగ్గు అనే ఢమరుకాన్ని పట్టుకున్న వేళ్లకంటిన బండారి పసుపు కూడా కనిపిస్తుంది. మరుసటి ఏడు ఆయన గొంతు పోయింది. ఆ కథ వాళ్ల మనవళ్లు అడిగితే ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

అందుకే ఈసారి కొనేటప్పుడు ఎంత పెద్ద చప్పుడైనా పగలకుండా రాసుకునే 32 బిట్ ఫ్లోట్ పద్ధతి ఉన్న చిన్న రికార్డరు తీసుకున్నాను. జూమ్ హెచ్1 ఎసెన్షియల్ లాంటివి పదివేలకు అటూ ఇటూగా ఉంటాయి. లెవెల్ ఎక్కువైనా ఎడిటింగ్‌లో తగ్గించుకుంటే గొంతు తిరిగొస్తుంది, మైకే తట్టుకోలేనంత మోత పడితే తప్ప. పాత 24 బిట్‌ది దొరికినా పర్వాలేదు, పెద్ద దెబ్బలు మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. వీడియోకి కాబట్టి శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్ మీద పెట్టండి.

బతుకమ్మ దగ్గర దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఒకామె పాట అందుకుంటుంది, మిగతావాళ్లు ఉయ్యాలో అంటూ చప్పట్లతో తిరుగుతుంటారు. బయట నిలబడి తీస్తే మన ముందుకొచ్చిన నలుగురి గొంతే వస్తుంది, పాట అందుకున్న ఆమె అవతలి వైపుకు పోగానే పల్లవీ పోతుంది. అడిగి, బతుకమ్మల పక్కన, వలయం నడిమధ్యలో రికార్డరు పెట్టండి. అక్కడి నుంచి అందరూ సమాన దూరమే. ఫోన్‌తో మీరు ఎటు తిరిగి తీసినా పాట తెగదు.

కిన్నెరకైతే ఇంకో మాటే అక్కర్లేదు. దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెరను తీయాలని నాగర్‌కర్నూల్ వైపు పోతామనే పిల్లలు కనిపిస్తున్నారు. అది మెత్తగా పలికే తీగల వాద్యం. మూడు అడుగుల్లో మైకు లేకపోతే ఎంత ఖరీదైన కెమెరా తీసుకెళ్లినా చేతికొచ్చేది చుట్టుపక్కల చప్పుడే.

కాలరుకు పెట్టుకునే వైర్‌లెస్ మైకులు ఇంటర్వ్యూలకు బాగుంటాయి. గుంపు పాటకు వద్దు.

ఇంకో లెక్క ఉంది. నల్లగొండలో రోజు అద్దెకు కెమెరా దొరుకుతుంది, పెద్ద ప్రోగ్రాం ఉన్న రోజు తెచ్చుకుని మర్నాడు ఇచ్చేయొచ్చు. రికార్డరు అద్దెకిచ్చేవాళ్లు మాత్రం నాకు ఇంతవరకు తగల్లేదు. మిగిలిన డబ్బులతో స్టాండు, గాలి మోత ఆపే బొచ్చు తొడుగు, చెవులు మూసే హెడ్‌ఫోన్స్ కొనుక్కోండి. చివరి రోజు సద్దుల బతుకమ్మ తీయాలని ఉంటే మొదటి రోజు ఎంగిలిపూలనాడే మీ వాకిట్లో ఒకసారి పెట్టి వినండి. తప్పులు దిద్దుకోవడానికి ఇంకా వారం ఉంటుంది.