కొండపల్లి బొమ్మా, ఏటికొప్పాక బొమ్మా?

బెజవాడలో ఉంటూ మా అక్క కూతురి పుట్టినరోజుకి ఏటికొప్పాక లక్కపిడతలు కొన్నానని ఇంట్లో ఒకటే దెప్పుడు. పక్కనే కొండపల్లి పెట్టుకుని ఇదేంటని!

కొండపల్లిది ఉలి పని. తెల్లపొణికి కర్ర బెండులా తేలిగ్గా ఉంటుంది. అంబారీ ఏనుగునే తీసుకోండి, భాగాలన్నీ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సున్నం పూసి ఆరాక రంగులేస్తారు. మావటి మీసం కొసలో కుంచె ఎక్కడ ఆగిందో కూడా కనిపిస్తుంది. తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, దశావతారాలు... కథ చెప్పడంలో దీనికి సాటి లేదు. కానీ పిల్లల చేతికిస్తే అతుకులు ఆగవు. మా ఇంటి మావటికి ఇప్పుడు ఒకటే చెయ్యి.

ఏటికొప్పాక ఊరు అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడ అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పడుతుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఆకులు, గింజలు, బెరడు నుంచి తీసిన రంగులు కాబట్టి చంటిది నోట్లో పెట్టుకున్నా నాకు టెన్షన్ లేదు. 2017లో జీఐ, అంటే ఆ ఊరి ప్రత్యేక వస్తువన్న భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాకపోతే అన్నీ గుండ్రటి ఆకారాలే, కాసేపటికి విసుగొస్తుంది.

సంక్రాంతి కొలువుకి మాత్రం నా ఓటు కొండపల్లికే. తడిగుడ్డతో తుడవకండి, రంగు పోతుంది.