మైకు ఆటో, వాట్సాప్, ఆశా కార్యకర్త: మహమ్మారి వేళ జాగ్రత్తలు చెప్పడానికి ఏది మేలు?

విశాఖలో మూడూ పనికొస్తాయి. మూడింటికీ ఒకే కరపత్రం ఇచ్చి పంపితేనే పని చెడుతుంది.

మైకు ఆటో ఉన్నది ఇవాళ ఏం చెయ్యాలో చెప్పడానికి, అంతే. మాట ఇరవై సెకన్లు దాటకూడదు, ఆటో నడక వేగం మించకూడదు. జోరు పెంచితే సగం మాటే చెవిన పడుతుంది. “ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను” అంటే ఎవరూ ఏమీ చెయ్యరు. “జ్వరం, దగ్గు ఉంటే పనికి వెళ్ళొద్దు. ఇంట్లోనూ మాస్కు తియ్యొద్దు. ఆయాసం వస్తే 108కి ఫోన్ చెయ్యండి” అనాలి. వేళా చూసుకోవాలి. జాలారిపేటలో పొద్దున్న తిప్పితే చేపలమ్మే ఆడవాళ్ళు ఇళ్ళల్లో ఉండరు. గాజువాకలో అదే వేళకి స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్టు చేసొచ్చినవాళ్ళు పడుకుని ఉంటారు, వినకపోగా తిట్టుకుంటారు. కొండవాలు ఇళ్ళకైతే ఆటో ఎక్కనే ఎక్కదు, చేతిమైకుతో మెట్లెక్కాల్సిందే.

వాట్సాప్‌లో కబురు క్షణాల్లో చేరుతుంది, పుకారూ అంతే. పదేపదే ఫార్వర్డయిన సందేశం ఒకసారికి ఒక్క చాట్‌కే వెళ్ళేలా 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ కట్టడి పెట్టింది. స్క్రీన్‌షాట్ తీసి పంపేవాళ్ళని అదేం ఆపుతుంది? తేదీ, వార్డు పేరు మనం పంపే బొమ్మలోనే పెద్దక్షరాల్లో ఉండాలి, లేకపోతే పోయిన నెల కబురు ఈ నెల మళ్ళీ తిరుగుతుంది. “ముప్పు రెట్టింపు” అని మాత్రం రాయొద్దు. వెయ్యిమందిలో ఒకరు ఇద్దరైనా రెట్టింపే, వందమంది రెండువందలైనా రెట్టింపే. వెయ్యిమందిలో ఎంతమందికో రాయండి.

ఆశా కార్యకర్త తిరగడం నెమ్మది, పైగా ఆమెకీ అంటుకునే ప్రమాదం ఉంది. గడప బయట నిలబడే మాట్లాడాలి. కానీ చేసి చూపించాల్సినవి ఆమె వల్లే అవుతాయి. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం, పల్స్ (నాడి) చూసే ఆక్సీమీటరే చూడండి. మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, గోళ్ళరంగు చెరిపించాలి, వేలు చల్లగా ఉంటే రుద్దించాలి, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగాలి. పెట్టగానే కనిపించే 88 చూసి హడలిపోయేవాళ్ళు కొందరు. అంతకన్నా ప్రమాదం, పల్స్ 96 ఉంటే దాన్నే ఆక్సిజన్ అనుకుని నిశ్చింతగా పడుకోవడం. ఏ అంకె ఏదో వేలు పెట్టి చూపించి, కోవిడ్‌లో ఆక్సిజన్ 94 కంటే తగ్గితే ఇంట్లో ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలని చెప్పాలి.

ఒక్కదానికే డబ్బుంటే మా ఓటు ఆశాకే. జనం ఎదురు ప్రశ్న వెయ్యగలిగేది ఆమెనే. ఆ ప్రశ్నలు సాయంత్రానికి రాసి పంపిస్తే మర్నాడు మైకులో ఏం చెప్పాలో తెలుస్తుంది.