జాగ్రత్త: ఎనామెల్ మీద వేసుకోవచ్చని చెప్పి లాకర్ క్లియర్ అమ్ముతున్నారు, నా రాకెట్ మొత్తం పాడైంది

మోడల్ రాకెట్ల కోసమని ప్రైమర్ (రంగు కింద వేసే పూత), తెలుపు, నలుపు, క్లియర్ (అన్నిటికీ పైన వేసే రంగులేని పూత) కలిపి ఒక సెట్టుగా అమ్ముతున్న స్ప్రే డబ్బాలు దయచేసి కొనకండి. ఎనామెల్, లాకర్ అనేవి రెండు వేర్వేరు రకాల పెయింట్లు. ఇప్పటికే కొనేసి ఉంటే క్లియర్ డబ్బా మాత్రం ముట్టుకోకండి. అమ్మేవాళ్ళ పేరు రాయడం లేదు. సొంతంగా రాకెట్లు కట్టేవాళ్ళకి ఆ సెట్టు ఏదో, వాళ్ళెవరో వెంటనే తెలిసిపోతుంది.

ఇది కిట్టు కొని అతికించిన రాకెట్ కాదు. గొట్టం క్రాఫ్ట్ పేపరుతో నేనే చుట్టాను. నోస్ కోన్ (రాకెట్ ముక్కు) బాల్సా అనే తేలికైన చెక్క దిమ్మ నుంచి చెక్కాను, ఫిన్లు (తోక దగ్గరి రెక్కలు) బాల్సా షీటు నుంచి కోశాను. చెక్క చారలు, పేపరు అతుకు కనిపించకుండా ఫిల్లర్ పూసి, 220 నంబరు శాండ్ పేపర్‌తో, తర్వాత 400తో రుద్ది, ప్రైమర్ కొట్టి మళ్ళీ రుద్దాను. తెలుపు పల్చటి పొరలుగా వేశాను. దాని మీద నలుపు పట్టీలు. వీ-2, శాటర్న్ 5 లాంటి అసలు రాకెట్ల మీద కనిపించే నలుపు తెలుపు గళ్ళు అందం కోసం వేసినవి కావు, రాకెట్ పైకి వెళ్తూ ఎంత తిరుగుతోందో కెమెరాల్లో తెలియడానికి వేసినవి. ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం. మాస్కింగ్ టేప్ అంచుల్ని గోటితో గట్టిగా నొక్కి, ముందుగా ఆ టేప్ అంచు మీద తెలుపే ఇంకోసారి పల్చగా కొట్టి, అది ఆరాక నలుపు వేశాను. టేప్ తీస్తే గీత బ్లేడుతో కోసినంత శుభ్రంగా వచ్చింది. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

మిగిలింది డెకాల్స్ (రాకెట్ మీద అంటించే అక్షరాలు, బొమ్మలు), క్లియర్. డెకాల్స్ ఇంట్లో ఇంక్‌జెట్‌లో ప్రింట్ చేసినవి కాబట్టి పైన క్లియర్ లేకపోతే చెమ్మకి రంగు కారిపోతుంది. అందుకే కొనేముందే వాళ్ళ పేజీలో సూటిగా అడిగాను: "ఈ క్లియర్ ఎనామెల్ మీద పడుతుందా? లాకర్ కాదు కదా?" జవాబు: "నిశ్చింతగా వేసుకోండి. సెట్టులో అన్నీ ఎనామెలే, ఒకదాని మీద ఒకటి పడేలా చూసే ఇస్తున్నాం." డబ్బా మీద స్టిక్కర్ కూడా ఎనామెల్ క్లియర్ అనే ఉంది. ఇంతకంటే కొనేవాడు ఏం అడగాలి?

మొదటి పొర దూరం నుంచి, పల్చగానే కొట్టాను. ఒక నిమిషం బాగానే ఉంది. తర్వాత ఫిన్ల మొదట్లో తెలుపు ఉబ్బడం మొదలైంది. చూస్తుండగానే గొట్టం పొడవునా నీళ్ళలో నానిన వేలి చర్మంలా ముడతలు పడిపోయింది. నలుపు పట్టీలు వంకర్లు పోయాయి. డెకాల్ మీద అక్షరాలు పగిలాయి. ఆపడానికి ఏమీ లేదు. తుడిస్తే ఊడి వస్తుంది, వదిలేస్తే ముడుచుకుంటుంది. నిలబడి చూడటమే.

ఎందుకిలా అవుతుందో కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎనామెల్ ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ, లోపల గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడటానికి చాలా రోజులు పడుతుంది. లాకర్‌లో అసిటోన్ లాంటి ఘాటు ద్రావకాలుంటాయి. అవి కింది పొరలోకి దిగి దాన్ని ఉబ్బిస్తాయి. ఉబ్బిన పొరకి పక్కకి జరిగే చోటు లేక పైకి ముడుచుకుంటుంది. బాగా ఆరిన లాకర్ మీద ఎనామెల్ వేసుకోవచ్చు. ఎనామెల్ మీద లాకర్ వేయకూడదు.

ఫొటోలు తీసి పంపాను. తిట్టలేదు, డబ్బూ అడగలేదు. ఏం జరిగిందో చెప్పమని మాత్రం అడిగాను. వచ్చిన సమాధానం మక్కీకి మక్కీ ఇది: "ఎనామెల్ మీద లాకర్ పడదని కూడా తెలియకుండా రాకెట్లు ఎందుకు కడతారండీ? కాగితం గొట్టానికి ఇంత రాద్ధాంతమా?"

ఈ వాక్యం దగ్గరే నా ఒళ్ళు మండిపోయింది. లాకర్ అనే మాట నేను ఆ ఫిర్యాదులో ఎక్కడా రాయలేదు. డబ్బాలో ఉన్నది లాకర్ అని వాళ్ళకి ముందే తెలుసు! తెలిసే ఎనామెల్ అని నాకు చెప్పారు, తెలిసే స్టిక్కర్ వేశారు. పొరపాటున వేరే డబ్బా పంపామని ఒక్క మాట అంటే నమ్మి ఊరుకునేవాణ్ణి. అలా అనలేదు సరికదా, వాళ్ళు దాచిన విషయం నాకు తెలియకపోవడం నా తప్పన్నారు. పైగా వారాల తరబడి చేసిన పని వాళ్ళకి కాగితం గొట్టం.

అనుమానం వచ్చి స్టిక్కర్‌ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి పీకాను. కింద తయారీదారు అసలు అక్షరాలు: అక్రిలిక్ లాకర్. దాని కిందే చిన్న అక్షరాల్లో, ఎనామెల్ పూతల మీద వాడవద్దు అని. సరిగ్గా ఆ హెచ్చరిక మీదే స్టిక్కర్ అంటించారు. మళ్ళీ వాళ్ళ పేజీకి వెళ్ళి చూస్తే నా ప్రశ్న, వాళ్ళ జవాబు రెండూ లేవు. నేను ముందే స్క్రీన్‌షాట్ తీసుకున్నాను కాబట్టి సరిపోయింది.

రాకెట్ సంగతి అడుగుతారేమో. థిన్నర్‌తో కడగలేను. పేపరు గొట్టం పీల్చుకుని పొరలు విడిపోతుంది. పూర్తిగా గట్టిపడే దాకా ఆగి మొత్తం రుద్దాల్సిందే. రుద్దితే ఫిన్ల అంచులకి ఇచ్చిన గుండ్రం పోతుంది. మళ్ళీ ఫిల్లర్, మళ్ళీ ప్రైమర్, మళ్ళీ రంగు అంటే తోకవైపు బరువు పెరుగుతుంది, గరిమనాభి (రాకెట్ బరువంతా తూగే చోటు) వెనక్కి జరుగుతుంది. అది పీడన కేంద్రం (గాలి తోపుడంతా పనిచేసే చోటు) కంటే కనీసం గొట్టం వ్యాసమంత ముందు ఉండాలి కదా, అందుకని ముక్కులో బరువు పెట్టాలి. మోటారు పెట్టి తూచి చూడకుండా దీన్ని ఎగరేయను. ఒక్క డబ్బా వల్ల ఇంత పని.

డబ్బు వెనక్కి ఇవ్వాలని కొన్న చోట ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు.

కొనేవాళ్ళకి: డబ్బా మీద అమ్మేవాళ్ళ స్టిక్కర్ ఉంటే పీకి కింద చదవండి. క్లియర్ ఏదైనా సరే, అవే రంగులు వేసిన పనికిరాని గొట్టం ముక్క మీద ముందు కొట్టి చూడండి. వాళ్ళు రాసిచ్చిన జవాబుల స్క్రీన్‌షాట్లు కొన్న రోజే తీసి పెట్టుకోండి. నాలాగే ఇదే సెట్టుతో పాడైనవాళ్ళు ఉంటే డబ్బా పారేయకండి, స్టిక్కర్‌తో సహా ఫొటో తీసి మీరూ ఫిర్యాదు పెట్టండి.