జావా 21 వర్చువల్ థ్రెడ్స్ రివ్యూ: బాగున్నాయ్, కానీ డైరెక్ట్ గా 25 కే వెళ్లండి

కుబెర్నెటిస్ (కంటైనర్లలో పెట్టిన యాప్స్ ని నడిపే ప్లాట్‌ఫామ్) లో సర్వీసులు నడిపేవాళ్ల దగ్గర జావా పేరెత్తితే చాలు, మెమరీ తినేస్తది, లేవడానికే బోలెడు టైం తీసుకుంటది, గో లాంగ్వేజ్ లో రాసుకో పో అంటారు. 2023 సెప్టెంబర్ లో వచ్చిన జావా 21 తో ఆ గోల సగం తీరింది. సగమే, మిగతా సగం కింద చెప్తా.

అసలు సరుకు వర్చువల్ థ్రెడ్సే, అంటే జేవీఎం (జావా కోడ్ ని నడిపే ఇంజిన్) తనే చూసుకునే తేలికైన థ్రెడ్స్. టామ్‌క్యాట్ (జావా వెబ్ సర్వర్) డిఫాల్ట్ గా 200 థ్రెడ్స్ ఇస్తది కదా, ఒక్కోటి ఒక్కో రిక్వెస్ట్ పని చూస్తది, అవతల మనం పిలిచే సర్వీస్ స్లో అయ్యిందనుకోండి, ఆ 200 అక్కడే వెయిట్ చేస్తూ ఉండిపోతయ్, కొత్త రిక్వెస్టులు క్యూలో పడతయ్, సీపీయూ మాత్రం ఖాళీ, దాంతో సీపీయూ చూసి స్కేల్ చేసే ఆటోస్కేలర్ కి అసలు ప్రాబ్లమ్ ఉన్నట్టే తెలీదు. వర్చువల్ థ్రెడ్ అయితే వెయిటింగ్ రాగానే కింద ఉన్న ఓఎస్ థ్రెడ్ ని వదిలేస్తది, ఆ థ్రెడ్ ఇంకో పని చూసుకుంటది. స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్) 3.2 నుంచి ప్రాపర్టీస్ లో ఒక్క లైన్ ఆన్ చేస్తే చాలు. రియాక్టివ్ కోడ్ (థ్రెడ్ ని ఆపకుండా ముక్కలుగా నడిచే స్టైల్) రాసి, ఎర్రర్ వస్తే ఆ స్టాక్ ట్రేస్ లో మన మెథడ్ ఎక్కడుందో వెతుక్కునే బాధ లేదు, మామూలు కోడే పైనుంచి కిందికి రాసుకోవచ్చు. నాకైతే ఇదొక్కటే చాలు.

కానీ ఆ లైన్ ఆన్ చేసి వదిలేస్తే కుదరదండి. హికారీ పూల్ (డేటాబేస్ కనెక్షన్లు రెడీగా ఉంచే లైబ్రరీ) లో డిఫాల్ట్ కనెక్షన్లు 10. ఇదివరకు 200 థ్రెడ్సే గేటు లాగా పనిచేసేవి, ఇప్పుడు ఆ గేటు లేదు, వేల రిక్వెస్టులు ఒకేసారి ఆ 10 కనెక్షన్ల మీద పడతయ్, 30 సెకన్లు ఆగి టైమవుట్ కొట్టేస్తయ్. సెమాఫోర్ (ఒకేసారి ఇన్నే లోపలికి అని ఆపేది) పెట్టి మనమే లిమిట్ చేసుకోవాలి. పూల్ పెంచేస్తే పోలా అంటే పాడ్లు (కుబెర్నెటిస్ లో నడిచే సర్వీస్ కాపీలు) ఎన్నుంటే అన్ని రెట్లు డేటాబేస్ మీద పడతది, చూస్కోండి.

ఇంకో పెద్ద మైనస్ పిన్నింగ్. 21 లో సింక్రనైజ్డ్ బ్లాక్ (ఒకేసారి ఒక్క థ్రెడ్డే వెళ్లగలిగే కోడ్) లోపల వెయిట్ చేస్తే వర్చువల్ థ్రెడ్ ఓఎస్ థ్రెడ్ ని వదలదు, పాత లైబ్రరీల్లో ఆ బ్లాకులు ఎక్కడ దాక్కున్నాయో ఎవడికి తెలుసు. దీన్ని 2025 మార్చిలో వచ్చిన 24 లో సరిచేశారు, అదే ఏడాది సెప్టెంబర్ లో వచ్చిన 25 ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి సపోర్ట్ ఉండే వెర్షన్) కూడా, అందుకే కొత్తగా మొదలెట్టేవాళ్లు 21 దగ్గర ఆగొద్దంటున్నా.

రికార్డ్స్ (డేటా మాత్రమే పట్టుకునే చిన్న క్లాసులు), సీల్డ్ ఇంటర్‌ఫేసులు (ఏయే టైపులు ఉండొచ్చో ముందే కట్టేసేవి), స్విచ్ లో ప్యాటర్న్ మ్యాచింగ్ (టైప్ ని బట్టి కేస్ ఎంచుకోవడం) మూడూ కలిపి వాడితే ఈవెంట్లు హ్యాండిల్ చేసే కోడ్ నీట్ గా ఉంటది. కొత్త ఈవెంట్ టైప్ కలిపి స్విచ్ లో కేస్ మర్చిపోతే కంపైలరే ఆపేస్తది (డిఫాల్ట్ కేస్ పెట్టనంతవరకు).

మెమరీ సంగతి మాత్రం పాత కథే. 512 ఎంబీ పాడ్ ఇస్తే జేవీఎం హీప్ (ఆబ్జెక్టులు ఉండే మెమరీ) కి డిఫాల్ట్ గా నాలుగో వంతు, అంటే 128 ఎంబీనే తీసుకుంటది, మ్యాక్స్ ర్యామ్ పర్సంటేజ్ మనమే పెంచుకోవాలి. స్టార్టప్ ఫాస్ట్ గా కావాలంటే గ్రాల్ నేటివ్ ఇమేజ్ (కోడ్ ని ముందే మెషిన్ కోడ్ గా మార్చేసే టూల్) ఉంది, మిల్లీసెకన్లలో లేస్తది, కాకపోతే బిల్డ్ చాలా స్లో, పైగా రిఫ్లెక్షన్ (రన్ అయ్యేటప్పుడు క్లాసుల్ని పేరుతో వెతకడం) వాడే లైబ్రరీలకి కాన్ఫిగ్ రాసి పెట్టాలి. సర్వర్‌లెస్ (అవసరమైనప్పుడే లేచే ఫంక్షన్లు) కి ఓకే, నెలల తరబడి ఆగకుండా నడిచే సర్వీస్ కి నేనైతే పెట్టను.

5 కి 4 ఇస్తా. స్ట్రక్చర్డ్ కాన్‌కరెన్సీ (ఒకేసారి నడిచే పనుల్ని ఒక గుంపుగా కట్టి నడిపే పద్ధతి) 25 లో కూడా ఇంకా ప్రివ్యూలోనే (ట్రయల్ గా) ఉంది, ఆ ఒక్క స్టార్ దానికే కోశా.