పాత విమానాల ఫోటోల వేట: ఏళ్ల తరబడి వాడాక ఏది పనికొచ్చింది, ఏది కాదు

మాది అమలాపురం దగ్గర. అరుదైన పాత విమానాల ఫోటోలు, వాటి పుట్టుపూర్వోత్తరాలు వెతకడం చాలా ఏళ్లుగా నా వ్యాపకం. ఇందుకోసం వాడిన ఉచిత ఆర్కైవ్‌లు, రిజిస్టర్లు, ఇమేజ్ సెర్చ్, ఇంట్లో స్కానర్, వీటన్నిటి మీద నా అభిప్రాయం ఇది. ముందే చెప్పేస్తున్నా, అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది విమానం మీద రాసి ఉండే నంబరే. ఫోటో పెట్టి ఫోటో వెతికితే దొరికేది తక్కువ, దారి తప్పేది ఎక్కువ.

కాకినాడ సంగతే చూడండి. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద, విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన నకాజిమా బీ5ఎన్ రకం అవి, ముగ్గురు కూర్చునేవి. ఆ పేరుతో వెతికితే ముందు వరసలో నిగనిగలాడే కలర్ ఫోటోలు వచ్చి పడతాయి. చాలావరకు అసలువి కావు. పెర్ల్ హార్బర్ దాడి మీద 1970లో వచ్చిన హాలీవుడ్ సినిమా కోసం అమెరికన్ టీ-6 శిక్షణ విమానాలను మార్చి చేసిన నకళ్లు, తర్వాత ఎయిర్ షోల్లోనూ ఎగిరాయి. తోక దగ్గర ఎన్ అక్షరంతో మొదలయ్యే చిన్న నంబరు కనబడితే అది అమెరికా రిజిస్ట్రేషన్, ఇక ఆ ఫోటో పక్కన పెట్టేయండి. అసలు బీ5ఎన్ ఒక్కటి కూడా ఇప్పుడు పూర్తి రూపంలో లేదు. ర్యూజో నౌక కూడా అదే ఏడాది ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర మునిగిపోయింది.

మరి వివరాలెక్కడ? జపాన్ జాతీయ ఆర్కైవ్స్ కింద నడిచే ఆసియా చారిత్రక రికార్డుల కేంద్రంలో అప్పటి నౌకాదళ పత్రాలు ఉచితంగా చూడొచ్చు. నౌక పేరు జపనీస్ లిపిలో కాపీ చేసి వెతకడం అలవాటు చేసుకోండి, పని చాలా తేలికవుతుంది. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వాళ్ల ట్రోవ్‌లో ఆనాటి పేపర్లు ఉంటాయి, అక్కడ కోకనాడ అనే పాత పేరుతో వెతకాలి.

శాండియాగో ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం ఫోటోల సేకరణంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. 1978 ఫిబ్రవరిలో మంటల్లో ఆ మ్యూజియం దాదాపు సర్వం పోగొట్టుకుంది, అయినా మళ్లీ కూడబెట్టి అందరికీ ఉచితంగా ఇస్తోంది. లిబరేటర్ బాంబర్లు, కాటలీనా సముద్ర విమానాలు తయారుచేసిన కన్సాలిడేటెడ్ కంపెనీ ఆ ఊరిదే కాబట్టి ఆ రెండిటి ఫోటోలు కావాలంటే నేను ముందు అక్కడికే వెళ్తాను. మన వైమానిక దళం కాన్పూర్‌లో పడి ఉన్న లిబరేటర్లను బాగుచేసుకుని 1968 దాకా నడిపింది కదా, వాటి భాగాలు పోల్చి చూడటానికి ఈ ఫోటోలు ఎంత సాయపడ్డాయో చెప్పలేను. ఇలా ఉచితంగా దొరికే ఫోటోనే ఒక ఏజెన్సీ తప్పు క్యాప్షన్‌తో నాకు డబ్బులకి అమ్మింది. కొనేముందు ఉచిత సేకరణలన్నీ ఓసారి చూసుకోండి.

నంబరు దొరికినా అక్కడే ఆగకూడదు. 1947 అక్టోబర్ 27న సైనికుల్ని శ్రీనగర్ చేర్చిన డకోటా రవాణా విమానం నంబరు వీపీ905. ఇవాళ అదే నంబరుతో కనిపించే డకోటా 2018లో మన వైమానిక దళంలో చేరింది, అంతకుముందు బ్రిటన్‌లో జీ-ఏఎంఎస్‌వీ పేరుతో ఎగిరిన వేరే విమానం, గౌరవంగా పాత నంబరు వేశారు. రిజిస్ట్రేషన్ మారొచ్చు, రంగు మారొచ్చు, ఫ్యాక్టరీలో పడిన కన్‌స్ట్రక్షన్ నంబరు మాత్రం చివరిదాకా అదే ఉంటుంది. అది పట్టుకుంటే విమానం ఎవరెవరి చేతులు మారిందో బయటపడుతుంది. 1948లో మొదలైన ఎయిర్-బ్రిటన్ అనే విమాన చరిత్ర అభిమానుల సంఘం వాళ్ల రిజిస్టర్లు ఇందుకు బంగారం, పెట్టిన డబ్బుకి పూర్తి న్యాయం చేశాయి.

ఇక మా ఇంటి ఫోటో. వరి చేల మీద తక్కువ ఎత్తులో ఎగిరిన మందు కొట్టే విమానం గురించి మా పెదనాన్న ఎప్పుడూ చెప్పేవారు. ఆయన ట్రంకు పెట్టెలో అరచేతిలో సగం ఉన్న నలుపు తెలుపు ప్రింటు దొరికింది, మన చెమ్మకి మూలలు బూజు పట్టి. 1200 డీపీఐలో, అంటే అంగుళానికి 1200 చుక్కల వివరంతో, స్కాన్ చేసి చూస్తే రెక్క విమానం ఒంటికి అడుగు భాగాన ఉంది, దాని పై నుంచి ఒంటికి ఊతకడ్డీలు ఉన్నాయి. ఆ పోలిక అమెరికన్ పైపర్ పానీకీ ఉంది, మన హెచ్‌ఏఎల్ బసంత్‌కీ ఉంది. బసంత్‌ది ఎనిమిది సిలిండర్ల 400 హార్స్‌పవర్ ఇంజన్, ముక్కు చూస్తే అదే అనిపించింది గానీ కోణం వల్ల నమ్మకం కుదర్లేదు. మన దేశపు రిజిస్ట్రేషన్‌కి మొదట వచ్చే వీటీ తర్వాత మూడక్షరాల్లో మధ్యది బూజు కింద ఉండిపోయింది. అంటే 26 అవకాశాలు. రిజిస్టర్ ముందు పెట్టుకుని ఒక్కొక్కటి కొట్టేసుకుంటూ పోతే పొలాల మీద తిరిగే విమానం ఒక్కటే మిగిలింది, బసంతే. పెదనాన్న అది చూసి నాలుగుసార్లు జూమ్ చేయించుకున్నారు.

స్కాన్‌కి ఫోన్ యాప్‌లు వద్దు, సన్నటి అక్షరాల్ని నునుపు చేసి చెరిపేస్తాయి. ఫ్లాట్‌బెడ్ స్కానరే వాడండి, ఆటో కరెక్షన్ ఆపేసి. బూజుని తడిబట్టతో తుడవొద్దు, బొమ్మే ఊడొస్తుంది. ప్రింటు వెనకవైపు కూడా తప్పకుండా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, తారీకు, పెన్సిల్‌తో రాసిన ఊరి పేరు ఉండేది అక్కడే.