సింగ్‌నగర్‌లో మహిళా విభాగం వారి ఓటరు సహాయ శిబిరం

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో సంప్రదాయవాద రాజకీయ పక్షం ఒకదాని రాష్ట్ర మహిళా విభాగం ఆదివారాల్లో ఓటరు సహాయ శిబిరం నడుపుతోంది. తెనాలి నుంచి కాపురానికి వచ్చిన మా కోడలి ఓటును ఇక్కడికి మార్పించడానికి వెళ్లాను. తరువాత వారి పౌర అవగాహన తరగతికి కూడా హాజరయ్యాను. ఓటు ఎవరికి వేయాలన్నది ఈ సమీక్ష విషయం కాదు కనుక పక్షం పేరు రాయడం లేదు.

అన్నిటికన్నా ముందు మెచ్చుకోవలసింది అక్కడి కార్యకర్తల విషయ పరిజ్ఞానం. పెళ్లయి ఊరు మారిన ఆడపిల్లల ఓటు దగ్గరే మన ఇళ్లలో చిక్కులు ఎక్కువ. పుట్టింటి జాబితాలో పేరు అలాగే ఉండగా అత్తవారింట ఫారం 6 నింపి కొత్త ఓటు రాయిస్తే, పేరు రెండు నియోజకవర్గాల్లో నమోదయ్యే ప్రమాదం ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ దీనిని అనుమతించదు. తెలిసి తప్పుడు ప్రకటన ఇచ్చినవారికి 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. 2022 ఆగస్టుకు ముందు నియోజకవర్గం మారినవారు ఫారం 6 ఇవ్వవలసి వచ్చేది కాబట్టి, ఆ అలవాటు కొద్దీ ఇప్పటికీ చాలామంది అదే అడుగుతారు. ఇప్పుడు చిరునామా మార్పుకైనా, పేరులో తప్పు దిద్దుకోవడానికైనా, పోయిన కార్డు బదులు మరొకటి పొందడానికైనా ఫారం 8 ఇవ్వాలి. "అమ్మా, ఇది కొత్త ఓటు కాదు, మీ కోడలికి ఉన్న ఓటే మీ ఇంటికి వస్తోంది" అని అక్కడి కార్యకర్త చెప్పిన తీరు నాకు ఎంతో నచ్చింది. దరఖాస్తును తానే గబగబా నింపేయకుండా మా కోడలి చేతనే రాయించి, చివర రసీదు సంఖ్యను ఆమె ఫోనులో భద్రపరిపించారు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఈ ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు కాగితాలన్నీ నీటిపాలైన కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. కార్డు పోయిందంటే ఓటే పోయిందని నమ్మి ఊరుకున్న పెద్దవారికి, జాబితాలో పేరు ఉండడమే ప్రధానమని, పోలింగు రోజున అనుమతించిన ఇతర గుర్తింపు పత్రాలు చూపి ఓటు వేయవచ్చని వారు ఓపికగా వివరించడం చూశాను. ఈ ఒక్క పనికైనా ఆ మహిళలకు చేతులెత్తి నమస్కరించాలి. పదిహేడేళ్లు నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చని, పద్దెనిమిదేళ్లు నిండాయా అని లెక్కించే అర్హత తేదీలు ఏడాదికి నాలుగు ఉన్నాయని కూడా చెబుతున్నారు.

పౌర అవగాహన తరగతి మాత్రం ఆ స్థాయిలో లేదు. చట్టసభల్లో మహిళలకు మూడింట ఒక వంతు స్థానాలు కేటాయించిన 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణ గురించి, అది అమలు కావడానికి జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరగాలన్న షరతు గురించి చక్కగా మొదలైన ప్రసంగం, సగం నుంచి పక్షం గొప్పదనం వైపు మళ్లింది. తమ వేదికపై తమ విశ్వాసాలు చెప్పుకునే హక్కు వారికి ఉంది, కుటుంబ విలువల గురించి వారు చెప్పిన వాటిలో చాలావరకు నేను కూడా ఏకీభవిస్తాను. అయితే 64 డివిజన్ల నగరపాలక సంస్థలో మురుగు కాలువ సమస్యను వార్డు సచివాలయంలో ఎలా నమోదు చేయించాలో, కార్పొరేటరును ఏమి అడగవచ్చో చెప్పి ఉంటే, వచ్చిన గృహిణులు ఇంటికి వెళ్లి ఆచరణలో పెట్టగలిగేది ఏదో ఒకటి దొరికేది.

నాకు నిజంగా బాధ కలిగించింది మరొకటి. ఓటరు దరఖాస్తు కోసం ఇచ్చిన ఫోను నంబరుకే కొద్ది రోజుల తరువాత పక్షం సందేశాలు రావడం మొదలైంది. సభ్యత్వ పుస్తకం, సహాయం కోరినవారి పుస్తకం వేర్వేరుగా, వేర్వేరు బల్లలపై ఉండాలి. అడిగి, ఒప్పుకున్న తరువాతే సందేశాలు పంపాలి. అలాగే ప్రవేశంలో బొట్టు పెట్టి ఆహ్వానించడం మన ఇళ్ల మర్యాదే అయినా, ముస్లిం, క్రైస్తవ సోదరీమణులు గుమ్మం దగ్గరే తటపటాయించడం గమనించాను. లోపల వారికి అందిన సహాయంలో ఏ తేడా లేదు కనుక, ఆ తటపటాయింపు కూడా లేకుండా చూడడం నిర్వాహకుల బాధ్యత.

వెళ్లదలచినవారు పాత ఓటరు కార్డు సంఖ్య, కొత్త చిరునామాకు ఆధారం, ఫోను తీసుకువెళ్లండి. ఉదయం వేళ మాత్రమే నడవడం వల్ల ఇతరుల ఇళ్లలో పనిచేసే మహిళలు రాలేకపోతున్నారు. సాయంత్రం రెండు గంటలు కేటాయించమని నిర్వాహకులను కోరాను. శిబిరానికి వెళ్లలేనివారు ఓటరు సహాయ కేంద్రం 1950 నంబరుకు ఫోను చేసి, లేదా తమ బూత్ స్థాయి అధికారిని కలిసి ఇదే పని ఉచితంగా చేయించుకోవచ్చు.