టార్క్ రెంచ్ పట్టే మేస్త్రి: ఆటోనగర్ సైలెన్సర్ షెడ్డు

రెండు నెలల క్రితం వేరే చోట నా పదకొండేళ్ల కారుకి సైలెన్సర్ గ్యాస్కెట్ (జాయింట్‌లో పొగ లీకవకుండా పెట్టే రింగు) మార్పించాను. అక్కడి కుర్రాడు పానాకి ఇనుప పైపు తగిలించి, బలమంతా పెట్టి బిగించాడు. నెల తిరక్కుండానే టపటపమని చప్పుడు, సిగ్నల్ దగ్గర ఆగితే లోపలికి పొగ వాసన. వెనక సీట్లో పిల్లలు కూర్చుంటారు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి వస్తోందేమోనని ఒకటే టెన్షన్.

విజయవాడ ఆటోనగర్‌లోని ఈ షెడ్డుకి తీసుకెళ్లాను. "అతిగా బిగించారండీ, స్టడ్ తెగింది, ఫ్లాంజ్ కూడా వంగింది" అన్నారు మేస్త్రి గారు. స్టడ్ అంటే నట్టు ఎక్కించే మర కడ్డీ, ఫ్లాంజ్ అంటే పైపు చివర బోల్టులు పట్టే పళ్లెం లాంటి అంచు. సైలెన్సర్ చల్లారేదాకా ఆగారు. తెగిన ముక్క తీయడానికే గంటన్నర పట్టింది. పాత నట్లు వాడనన్నారు. టార్క్ రెంచ్ అంటే సెట్ చేసినంత బలం పడగానే క్లిక్‌మనే పానా. తుప్పు పట్టిన మరల మీద అది క్లిక్‌మన్నా ఆ బలం చాలావరకు రాపిడికే పోతుందట, రావాల్సిన బిగింపు రాదట.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి పని. మామూలు 8 ఎంఎం బోల్టుకి 25 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) దాకా పడుతుందని తెలిసినా, మాన్యువల్‌లో నా మోడల్‌కి ఏముందో చూశాకే రెంచ్ సెట్ చేశారు. అన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత ఒకటి ఇటు ఒకటి అటు, మూడు విడతల్లో బిగించారు. చివర్లో ఇంజన్ ఆన్ చేసి, జాయింట్ మీద సబ్బు నీళ్లు పోసి చూపించారు. ఒక్క బుడగ రాలేదు.

మొత్తం 1,800 రూపాయలు. కూర్చోవడానికి కుర్చీ లేదు, పదింటి తర్వాత వెళ్తే మధ్యాహ్నం దాకా ఆగాలి. ఉదయాన్నే వెళ్లండి.